వారంట్ లేదు సరే, అరెస్టు కారణాల కాగితం ఒడియాలో ఇస్తే చెల్లుతుందా?

గుణుపూర్ కుర్రోడు: ఇక్కడ ఒడిశాలో, మా వీధి కుర్రాణ్ణి సెల్‌ఫోన్ దొంగతనమని సాయంత్రం దుకాణం నుంచే పోలీసులు తీసుకుపోయారు. వారంట్ లేదు. ఒడియాలో రాసిన కాగితం మీద సంతకం పెట్టించారు. వాడికి ఒడియా మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు, చదువంతా పార్వతీపురంలోనే. ఇది చెల్లుద్దా?

బరంపురం బావ: వారంట్ లేకుండా ముట్టుకోడమే తప్పు!

పర్లాకిమిడి ప్లీడరు: బావగారూ, అలా లేదు చట్టం. దొంగతనానికి వారంట్ అక్కర్లేదు, సీఆర్‌పీసీ బదులొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షన్ చాలు. కానీ ఏడేళ్లలోపు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు ఎందుకు తప్పలేదో రాసిపెట్టాలి, లేదా నోటీసిచ్చి పిలవాలి. 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు చెప్పిందదే. మామూలు దొంగతనం మొదటిసారైతే గరిష్ఠం మూడేళ్లే. నోటీసెందుకివ్వలేదో ముందడగండి.

ఇక కాగితం. 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు, కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలంది. వెంటనే కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండుకు పెట్టే రెండు గంటల ముందైనా ఇవ్వాలి.

ఖాకీ పెన్షనర్: చెప్పడం సులువే బాబూ. ఈ జిల్లాలో ఒడియా, తెలుగు, సవర, కువి. రాత్రిపూట ఠాణాలో తెలుగు రాసేవాణ్ణి ఎక్కణ్ణించి తేవాలి? వాడికి చెబితే అర్థమవుద్ది కదా. ఆ ఏడాదే ఆగస్టులో కన్నడ నటుడు దర్శన్ కేసులో, రాసివ్వనంత మాత్రాన అరెస్టు చెల్లకపోదు, దానివల్ల నష్టం జరిగిందని చూపించాలి అన్నదీ సుప్రీంకోర్టే.

పర్లాకిమిడి ప్లీడరు: నిజమే మాస్టారూ, రెండూ ఇద్దరేసి జడ్జీల తీర్పులే, వాదించుకోవచ్చు. కానీ 1962లోనే, ముందస్తు నిర్బంధం (నేరం చెయ్యకముందే లోపలెయ్యడం) కేసే అనుకోండి, నిర్బంధంలో ఉన్న హరికిషన్‌కి ఇంగ్లీషు కాగితమిచ్చి హిందీలో నోటితో చెబితే చాలదంది సుప్రీంకోర్టు. పైగా కాగితం లోపం వల్ల విడిచిపెట్టినా కేసు పోదు. సరైన కాగితమిచ్చి మళ్లీ రిమాండ్ అడగొచ్చు. అంత వెసులుబాటుండగా, తెలుగొచ్చినవాళ్లు బజారునిండా ఉన్న ఊళ్లో ఒక్కరు దొరకలేదంటే నేనొప్పుకోను.

ఖాకీ పెన్షనర్: బజారువాళ్లు రాసింది రేపు కోర్టులో మీరే తప్పుపడతారు.

గుణుపూర్ కుర్రోడు: రేపు పొద్దున్న కోర్టుకి తెస్తారట. ఏటి సెయ్యమంటారు?

పర్లాకిమిడి ప్లీడరు: దారి ప్రయాణం తీసేసి 24 గంటల్లోపు తేవాలి. పోలీసులు రాసే అరెస్టు మెమోలో టైం చూసి, దుకాణం సీసీ కెమెరా టైంతో పోల్చండి. రికార్డింగు ఈ రాత్రే పెన్‌డ్రైవులో పెట్టుకోండి.