సమస్యాపూరణం: చిల్లు లేనట్టి బండికే చేటు గలుగు

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య తేటగీతి అనే నాలుగు పాదాల పద్యానికి చివరి పాదం; ముందు మూడు పాదాలు మీరు కట్టి దీనికి అర్థం కుదర్చాలి.

*“చిల్లు లేనట్టి బండికే చేటు గలుగు”*

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల మన సభ్యుల ఇళ్ల ముందు ఇంకా మారుతి 800 బండ్లు నిలిచి ఉన్నాయని తెలిసే ఈ పాదం కట్టాను. 1983లో వచ్చిన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది గనుక, వాటిలో కడగొట్టుది సైతం పదేళ్లు దాటినదే. పూరణ ఛందస్సుకు నిలిస్తే చాలదు. బండి రేకు బాగుచేసే టింకరింగు మేస్త్రి ముందు చదివినా నిలవాలి.

గోపాలపురం సభ్యుడు:

*వాన నీరెల్ల తలుపులో వచ్చి చేరి*
*యడుగు రంధ్రము పూడిన నచట నిలిచి*
*తుప్పు రేకును లోపలే త్రుంచి వేయు*
*చిల్లు లేనట్టి బండికే చేటు గలుగు*

కిటికీ అద్దం పక్క రబ్బరు గుండా తలుపులోనికి నీరు దిగడం సహజమే కాబట్టి, అది కారిపోవడానికి తయారీదారులే తలుపు అడుగున రంధ్రాలు ఉంచుతారు. మట్టి, ఆకుల పొడి చేరి అవి మూసుకుపోతే నీరు లోపలే నిలుస్తుంది.

నిర్వాహకుడు:

సమస్యలోని వైరుధ్యాన్ని సూటిగా విప్పారు. అయితే ‘నీరు నిలిచి, తుప్పు త్రుంచివేయు’ అన్నప్పుడు కర్త మారిపోయింది; ‘నిలిచి’ వంటి క్త్వార్థకం వాడితే రెండు క్రియలకూ ఒకే కర్త ఉండాలి. ‘నచట నిలువఁ / దుప్పు రేకును’ అని సవరించండి. తకారం దకారమైనా ‘త్రుంచి’తో యతికి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో ఉండవలసిన మైత్రికి, భంగం లేదు. మీ ఊరి సముద్రపు గాలిని పద్యంలోకి తేకపోవడం మాత్రం నాకు లోటుగానే తోచింది. గాలిలోని ఉప్పు రేకు మీద చేరి తేమను పట్టి ఉంచడం వల్ల, వాన వెలిసిన తరువాత కూడా తుప్పు పని ఆగదు. అడుగున కోటింగు వేయించేటప్పుడు ఆ రంధ్రాలు కప్పుకుపోకుండా చూడాలని వివరణలో చేర్చి ఉంటే బాగుండేది.

బరంపురం సభ్యుడు:

*పొగల గొట్టాన నావిరి పోక నిలిచి*
*చల్లబడి నీరుగా మారి పారి వెడలి*
*పోవు దారియె లేకున్నఁ బుండు సేయు*
*చిల్లు లేనట్టి బండికే చేటు గలుగు*

గురువుగారూ, లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా వెలువడుతుంది. బడాబజారు దాకా వెళ్లి వచ్చే కారులో సైలెన్సరు పూర్తిగా వేడెక్కదు కాబట్టి ఆ ఆవిరి లోపలే నీరై, రేకును లోపలి నుండి తింటుంది. చాలా సైలెన్సర్లకు అడుగున సన్నని బెజ్జం ఉండేది అందుకే.

నిర్వాహకుడు:

ఊహ కొత్తది. ఆ బెజ్జాన్ని లీకుగా భ్రమించి వెల్డింగుతో మూయించుకునే వారికి ఈ పద్యం వినిపించాలి. కాని రెండవ పాదంలో ‘చ’కు ‘పా’తో యతి చెల్లదు. ‘పారి వెడలి’ తీసి ‘జాలువారి’ అంటే చ, జలకు మైత్రి కుదురుతుంది, పాదం చివర ఉండవలసిన రెండు సూర్యగణాలూ నిలుస్తాయి. దేనిని పుండు చేస్తుందో చెప్పలేదు; సందర్భం బట్టి గొట్టమేనని గ్రహిస్తాము కనుక దానిని దోషంగా ఎంచను.

పర్లాకిమిడి సభ్యుడు:

*పుట్టి పూసిన రేకుల పొంకమునకు*
*మురిసి కొనువాడు సుత్తితో ముట్టి చూడ*
*రాలు రేకెల్ల, పైపైన రంగు గల్గి*
*చిల్లు లేనట్టి బండికే చేటు గలుగు*

నిర్వాహకుడు:

మూడింటిలో నాకు నచ్చిన పూరణ ఇది. మొదటి ఇద్దరూ ఉండవలసిన చిల్లు లేదన్నారు. మీరు ఉన్న చిల్లు కనబడదన్నారు. తుప్పు మీదనే పుట్టీ (గుంటలు పూడ్చే ముద్ద) పూస్తే దాని వెనుక తేమ చేరుతుంది, కొంతకాలానికి రంగు బుడగలుగా లేస్తుంది. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషను పొడిగించుకొనే ముందు ఇలాంటి పైపూతలే ఎక్కువ జరుగుతాయని నా అనుమానం.

గోపాలపురం సభ్యుడు:

అన్నగారి పద్యానికి ఒక చిన్న ఆక్షేపణ. అమ్మేవాడు కొనేవాని చేతికి సుత్తి ఇస్తాడా? అయస్కాంతమైతే ఎవరూ కాదనరు. మందంగా పుట్టీ ఉన్నచోట అది అంటుకోదు.

పర్లాకిమిడి సభ్యుడు:

ఒప్పుకుంటున్నాను. అయస్కాంతం ఈ గణాలలో ఒదగదు గనుక ‘వేలితో ముట్టి చూడ’ అని మారుస్తాను.

నిర్వాహకుడు:

వేలు తగిలితేనే రేకు రాలిందనడంలో అతిశయోక్తి కూడా అందంగా అమరింది. అలా రాలిన రేకుకు చేయవలసినదీ పద్యంలో ఎవరైనా చెబుతారేమోనని చూశాను. మెరిసే ఇనుము కనబడేదాకా తుప్పును కోసివేసి, అదే మందం గల రేకు ముక్కను పెట్టి, వేడికి వంగకుండా ఒకచోట కొంచెం, మరొకచోట కొంచెంగా వెల్డింగు చేయాలి. దానికి ముందు బ్యాటరీ నెగటివ్ తీగను తప్పించాలి. పెట్రోలు ట్యాంకు దగ్గర పని అయితే ట్యాంకును దించాలి. వెల్డింగు వేడికి రేకు వెనుక వైపు రంగు కూడా కాలిపోతుంది కాబట్టి, పైన ప్రైమరు కొట్టి ఊరుకోక లోపలి వైపూ మైనం వంటి పూత పట్టించాలి. ఇదంతా నాలుగు పాదాలలో ఇముడ్చగలవారికి ఆదివారం దాకా గడువు ఇస్తున్నాను.