మీ షాపుకి మీరే కస్టమరుగా వెళ్ళి చూసారా ఎప్పుడైనా?

గంటస్తంభం_కిరాణా: విజయనగరంలో మాది చిన్న కిరాణా అండి, నాన్నగారి టైము నుంచి ఉంది. మొన్న నడుం పట్టీసి గల్లా దగ్గర తమ్ముణ్ణి కూర్చోబెట్టి నేను బయట బల్ల మీద కూలబడ్డాను, పదిహేనేళ్ళలో ఫస్టు టైము అటుపక్క నుంచి చూడ్డం. కాటా మీద నంబరు మావైపే తిరిగుంది, పైగా ముందు కందిపప్పు డబ్బా అడ్డం. ఒకావిడ మునివేళ్ళ మీద లేచి తొంగి చూసింది, కనపడక ఊరుకుంది. తూకంలో మేం ఎప్పుడూ తేడా చెయ్యలేదు, కానీ ఆవిడకేటి తెలుసు? మీకు షాపుల్లో ఎక్కడ ఒళ్ళు మండుతాదో చెప్పండి, తిట్టినా పర్లేదు.

ఆమదాలవలస_అక్క: నేను చెప్తాను. శ్రీకాకుళంలో ఒక టైలరుకి జాకెట్టు గుడ్డ ఇచ్చాను, పెళ్ళికని. రేపు రండమ్మా అంటే బస్సెక్కి వెళ్ళాను, మళ్ళీ రేపు అన్నాడు, అలా మూడుసార్లు. మూడోసారి చూస్తే కవరుకి నేనేసిన ముడి నేనేసినట్టే ఉంది. అవ్వలేదని ఒక ఫోను కొట్టుంటే నాకు బస్సు చార్జీ మిగులును, ఆయనకి నేను మిగులుదును.

పలాస_జీడి: మాది రివర్సు కథ. జీడిపప్పు 240 ఇమ్మంటారా 320 ఇమ్మంటారా అని రోజూ అడిగేవాణ్ణి, అది పౌండుకి, అంటే అరకిలోకి కాస్త తక్కువకి, ఎన్ని గుళ్ళు తూగుతాయో ఆ లెక్క, నంబరు తగ్గితే పప్పు పెద్దది, రేటూ ఎక్కువే. ఒక మామ్మ అది రేటనుకుంది, "320 ఎందుకు బాబూ, 240దే ఇచ్చీ, తక్కువలో పోతాది" అంది. కాదు మామ్మా 240దే ఖరీదు అన్నాను. నాకేసి ఒక చూపు చూసి సంచి మడతెట్టుకుని ఎలిపోయింది. ఇప్పుడు నంబర్లు చెప్పడం మానీసాను, రెండు గాజు సీసాలు పక్కపక్కన పెట్టి రేటు చీటీ అంటించాను, ఏ సీసా కావాలో వాళ్ళే ఏలు చూపిస్తారు.

ఖద్దరు_పిచ్చి: పొందూరులో నాకూ ఇంచుమించు ఇదే. పంచె రేటు విని వెనక్కి పెట్టీసాను. అక్కడున్న పెద్దాయన వాలుగ చేప దవడ తెచ్చి, ఆ పళ్ళతో పత్తి ఎలా దువ్వుతారో నా ఎదరే చేసి చూపించాడు, తర్వాత బేరం ఆడబుద్ధి కాలేదు. రేటు ముందు చెప్పి ఇది తర్వాత చూపిస్తే ఎలాగండి?

నరసన్నపేట_షాపు: అందరూ కస్టమరు పక్కేనా? అరువు రాయించుకుని మా వీధిలో నడవడమే మానీసినోళ్ళున్నారు, వాళ్ళ గురించి కూడా ఒక చర్చ పెట్టండి.

ఆమదాలవలస_అక్క: పెట్టండి అన్నయ్యా, వస్తాను. ముందు కూలింగ్ చార్జీ అని ఎమ్మార్పీ మీద రెండ్రూపాయలు లాగడం ఆపమనండి షాపులోళ్ళని. అలా తీసుకోకూడదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కంప్లైంటు రాసుకుంటారు.

నరసన్నపేట_షాపు: నేను కూల్‌డ్రింకులు అమ్మనమ్మా 😀

రిటైర్డ్_మాస్టారు: కిరాణా బాబూ, ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికలు కొలతల వాళ్ళ చేత ముద్ర వేయించాలి కదా, ఆ సర్టిఫికెట్టు ఎక్కడుంది?

గంటస్తంభం_కిరాణా: బీరువాలో ఉంది మాస్టారూ 🙏

రిటైర్డ్_మాస్టారు: బీరువా ఏమైనా పప్పు కొంటుందా?

గంటస్తంభం_కిరాణా: నిన్న తగిలించీసాను మాస్టారూ. కాటా కూడా ఇటు తిప్పీసి డబ్బా లోపల పెట్టీసాను. పొద్దున్న ఆవిడే వచ్చింది, తూకం చూస్తుందేమో అని నేను ఆవిడ మొహమే చూస్తన్నాను. కాటా వైపు చూడనైనా లేదు. "ఇక్కడ కందిపప్పు డబ్బా ఉండాలి కదా, అమ్మడం మానీసారా?" అనడిగింది.