క్లాసెన్‌కు 23 కోట్లు సరే, మరి బౌలింగ్ సంగతేంటి? సన్‌రైజర్స్ మినీ వేలం చర్చ (డిసెంబరు 2025)

ఉప్పల్_ఆరెంజ్

ఐపీఎల్ రిటెన్షన్ లిస్ట్ (వేలానికి ముందు టీములు ఉంచుకున్న ఆటగాళ్ల పేర్లు) వచ్చిన దగ్గర్నుంచి మా గ్రూపుల్లో ఒకటే గొడవ. క్లాసెన్‌ను 23 కోట్లకు మళ్లీ ఉంచుకోవడం సరైన పనేనా అని. నా మాట చెప్తాను, తర్వాత మీరందరూ చెప్పండి.

పోయినేడాది మెగా వేలానికి ముందు మనవాళ్లు అయిదుగురిని రిటైన్ చేసుకున్నారు. క్లాసెన్ 23, కమిన్స్ 18, హెడ్ 14, అభిషేక్ 14, నితీశ్ 6. మొత్తం 75 కోట్లు. 120 కోట్ల పర్సులో (ఆటగాళ్ల మీద పెట్టగలిగే మొత్తం డబ్బు) మిగిలింది 45. ఆ 45తో జెడ్డాలో జరిగిన మెగా వేలంలో పదిహేను మందిని కొన్నారు. ఇషాన్ కిషన్‌కు 11.25, షమీకి 10, హర్షల్‌కు 8. ఈ ముగ్గురికే 29 కోట్ల పైన అయిపోయింది. మిగతా పన్నెండు మందికి కలిపి పదహారు కోట్లు కూడా లేవు.

ఇప్పుడు చూడండి. ఆ అయిదుగురూ అలాగే ఉన్నారు. కొన్న పదిహేను మందిలో మాత్రం ఏడుగురు ఏడాదికే బయటికి వెళ్లారు. జంపా, రాహుల్ చాహర్, అభినవ్ మనోహర్, సిమర్‌జీత్, తైడే, సచిన్ బేబీని వదిలేశారు, షమీని లక్నోకు ట్రేడ్ చేశారు. అందరూ ఆ 75 కోట్ల మీదే పడుతున్నారు కానీ, నాకు మాత్రం అసలు లోపం ఆ 45 కోట్లు ఖర్చు పెట్టిన తీరులోనే కనిపిస్తోంది.

చేతిలో ఉన్నది 25.5 కోట్లు. పది ఖాళీలు, అందులో విదేశీయులకు రెండు. ఎక్కడ పెడదాం?

కూకట్‌పల్లి_కుర్రాడు

అన్నా, నేను ఒప్పుకోను. పర్సులో దాదాపు అయిదో వంతు ఒక్క మిడిలార్డర్ బ్యాటర్‌కు పెట్టాక బౌలర్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? జెడ్డాలో చేతులు కట్టేసుకుని కూర్చున్నది ఆ 75 వల్లే కదా.

మార్చి 23న రాజస్థాన్ మీద 286 కొట్టాం. ఇషాన్ సెంచరీ చూసి ఈసారి కప్పు మనదే అనుకున్నాం. తర్వాత వరసగా నాలుగు ఓడాం. లక్నో, ఢిల్లీ, కోల్‌కతా, గుజరాత్. ఈడెన్‌లో 120కి ఆలౌట్.

ఏప్రిల్ 6న గుజరాత్ మ్యాచ్‌కు నేను ఉప్పల్‌లోనే ఉన్నాను. సిరాజ్ నాలుగు ఓవర్లలో 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. మన హైదరాబాద్ వాడు, మన గ్రౌండ్‌లో, మన టీమ్ మీద. మొదటి ఓవర్లోనే హెడ్‌ను అవుట్ చేశాడు. స్టాండ్‌లో సగం మందికి చప్పట్లు కొట్టాలా వద్దా తెలియలేదు. మనం చేసింది 152. దాన్ని ఛేజ్ చేస్తూ 49 కొట్టింది ఎవరు? మనం వదిలేసిన వాషింగ్టన్ సుందర్. గుజరాత్ అతన్ని 3.2 కోట్లకు కొనుక్కుంది. మనం సరిగ్గా అదే 3.2 కోట్లు రాహుల్ చాహర్‌కు పెట్టాం, అభినవ్ మనోహర్‌కు ఇంకో 3.2 పెట్టాం. ఇద్దరూ ఇప్పుడు టీమ్‌లో లేరు.

ఉప్పల్_ఆరెంజ్

తమ్ముడూ, నువ్వు చెప్పిందే నా పాయింట్ కూడా. సుందర్‌ను 3.2కి తిరిగి తెచ్చుకోవడానికి క్లాసెన్ అడ్డం రాలేదు. ఆ డబ్బు చేతిలో ఉంది, వేరేవాళ్లకు పోయింది.

క్లాసెన్ సంగతి కూడా లెక్కలోనే చూద్దాం. 2023లో 448 పరుగులు, 2024లో 479, 2025లో 487. మూడేళ్లూ ఒకే స్థాయి, అదీ నాలుగులో అయిదులో దిగి. పైగా జూన్‌లో ఇంటర్నేషనల్ క్రికెట్‌కు రిటైర్ అయ్యాడు, మధ్యలో దేశం పిలుపు వస్తుందన్న టెన్షన్ లేదు. అంత నమ్మకమైన ఆటగాణ్ని వదిలేస్తే, అదే డబ్బుతో అలాంటివాడు దొరుకుతాడా?

నల్లగొండ_నైట్స్

దొరకడు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఢిల్లీలో కోల్‌కతా మీద 37 బంతుల్లో కొట్టిన సెంచరీ మనం ప్లేఆఫ్ రేసు నుంచి బయటపడ్డాక వచ్చింది. 278 కొట్టి 110 పరుగులతో గెలిచాం, చూడటానికి చాలా బాగుంది, పాయింట్ల పట్టికలో మాత్రం ఆరో స్థానం దగ్గరే ఆగిపోయాం. నాకు క్లాసెన్ మీద కోపం లేదు. 23 కోట్ల ఆటగాడు ఏప్రిల్‌లో మ్యాచులు గెలిపించాలని కోరుకుంటాను, అంతే.

భువీ_అభిమాని

క్లాసెన్ గురించి ఎన్ని మాటలైనా మాట్లాడుకోవచ్చు, నాకు మాత్రం మన పేసర్ భువీని (భువనేశ్వర్ కుమార్) వదిలేసిన బాధ ఇప్పటికీ పోలేదు. 2014 నుంచి 2024 దాకా మన జెర్సీలోనే ఆడాడు. 2016లో, 2017లో వరసగా పర్పుల్ క్యాప్ (సీజన్‌లో అందరికన్నా ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చేది). మనకున్న ఒక్క కప్పులో అతని చెయ్యి ఎంతుందో అందరికీ తెలుసు.

2024 మే 2, రాజస్థాన్ మ్యాచ్ గుర్తుందా? మనం 201. మొదటి ఓవర్లోనే బట్లర్, సంజూ ఇద్దర్నీ సున్నాకే పంపాడు. చివరి బంతికి వాళ్లకు రెండు పరుగులు కావాలి. పావెల్ స్ట్రైక్‌లో ఉన్నాడు. భువీ వేసిన ఫుల్‌టాస్ నేరుగా ప్యాడ్‌కు తగిలింది, ఎల్‌బీ. ఒక్క పరుగు తేడాతో గెలిచాం. అంపైర్ వేలు ఎత్తేలోపే మా ఇంట్లో మా నాన్నగారు లేచి నిలబడి అరుస్తున్నారు. ఆయన ఎప్పుడూ అలా అరవరు.

ఆ బౌలర్‌ను బెంగళూరు 10.75 కోట్లకు తీసుకుంది, 2025లో కప్పు గెలిచింది. మనం షమీకి 10 ఇచ్చాం. తొమ్మిది మ్యాచుల్లో ఆరు వికెట్లు. పంజాబ్ మ్యాచ్‌లో నాలుగు ఓవర్లకు 75 పరుగులు, చివరి నాలుగు బంతులకూ స్టోయినిస్ సిక్సర్లే. ఆ రోజు అభిషేక్ 141 కొట్టకపోయి ఉంటే మన పరిస్థితి ఏంటి?

లెక్కల_మాస్టారు

భువీ విషయంలో చాలామందికి తెలియని రూల్ ఒకటుంది, చెప్పాలి. ప్రతి టీమ్‌కూ రిటెన్షన్, రైట్ టు మ్యాచ్ (ఆర్‌టీఎం, అంటే వేలంలో పలికిన ధరకు తన పాత ఆటగాణ్ని తిరిగి తీసుకునే హక్కు) రెండూ కలిపి ఆరుగురు. అందులో ఇండియాకో, మరో దేశానికో ఆడిన క్యాప్డ్ ఆటగాళ్లు గరిష్ఠంగా అయిదుగురే. మనవాళ్లు అయిదుగురు క్యాప్డ్ ఆటగాళ్లను ముందే ఉంచేసుకున్నారు. అంటే జెడ్డాకు వెళ్లేసరికి మిగిలిన ఒక్క ఆర్‌టీఎం కార్డు అన్‌క్యాప్డ్ ఆటగాడికి మాత్రమే పనికొస్తుంది. భువీకి, నటరాజన్‌కు, సుందర్‌కు అది వాడే వీల్లేదు. వాళ్లు కావాలంటే అందరితో పాటు చెయ్యెత్తి పాడుకోవాల్సిందే.

నితీశ్ విషయం కూడా ఇందులోదే. 2024 అక్టోబరు 6న గ్వాలియర్‌లో బంగ్లాదేశ్ మీద ఇండియాకు ఆడాడు. అప్పటికి రిటెన్షన్ గడువు మూడున్నర వారాలే ఉంది. ఆ మ్యాచ్ ఆడకపోయి ఉంటే అన్‌క్యాప్డ్ కింద నాలుగు కోట్లకే ఉండేవాడు. మిగతా నలుగురికి 69, ఇతనికి 4, మొత్తం 73 అయ్యేది. అంటే ఇంకో రెండు కోట్లు మిగిలేవి, ఒక క్యాప్డ్ ఆర్‌టీఎం కూడా చేతిలో ఉండేది. నా లెక్కలో ఆ రెండు కోట్ల కన్నా ఆ కార్డే విలువైనది. అయితే మన కుర్రాడు ఇండియాకు ఆడాడు, అంతకన్నా ఏం కావాలి.

నటరాజన్‌ను ఢిల్లీ కూడా 10.75కే కొన్నది. 2025లో అతను ఆడింది రెండే మ్యాచులు. కాబట్టి వదిలేసిన ప్రతి ఆటగాడూ నష్టం కాదు. భువీ ఒక్కడూ మాత్రం నష్టమే, అది నేనూ ఒప్పుకుంటాను.

భువీ_అభిమాని

మాస్టారూ, ఆర్‌టీఎం సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. థ్యాంక్స్. అయినా పాడుకోవడానికి 45 కోట్లు ఉన్నాయి కదా సార్.

విశాఖ_బీచ్‌రోడ్

నేను వైజాగ్ మ్యాచ్ గురించి చెప్పాలి. మార్చి 30, ఢిల్లీకి అది హోమ్ గ్రౌండ్, కానీ స్టేడియంలో నారింజ రంగు కూడా బాగానే కనిపించింది. నితీశ్ ఊరు కదా. స్టార్క్ అయిదు వికెట్లు తీశాడు. హెడ్, ఇషాన్, నితీశ్ ముగ్గురూ అతనికే దొరికారు. నితీశ్ వెనక్కి నడుస్తుంటే మా స్టాండ్ మొత్తం నిశ్శబ్దం.

తర్వాత అనికేత్ వర్మ ఆడాడు. 41 బంతుల్లో 74. అక్షర్, కుల్‌దీప్ ఎవర్నీ లెక్కచెయ్యలేదు. నా పక్కనున్నాయన ఫోన్‌లో వెతికి "ఇతని ధర 30 లక్షలట" అని అందరికీ చూపించాడు. మన 163లో దాదాపు సగం అతనివే. బౌలింగ్‌లో కూడా 40 లక్షల జీషాన్ అన్సారీ మొదటి మ్యాచ్‌లోనే మూడు వికెట్లు తీశాడు, అందులో డుప్లెసిస్, రాహుల్ ఉన్నారు. ఇషాన్ మలింగ ధర 1.2 కోట్లు, ఏడు మ్యాచుల్లో 13 వికెట్లు.

అంటే చిన్న ధరకు మంచివాళ్లను పట్టే కళ్లు మన టీమ్‌లో ఉన్నాయి. మధ్యలో మూడు కోట్లు, పది కోట్లు పెట్టినచోటే దెబ్బ తగులుతోంది. స్కౌటింగ్ చేసేవాళ్ల మాట వేలం టేబుల్ దగ్గర ఇంకొంచెం ఎక్కువ వింటే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

నితీశ్ గురించి ఒక్క మాట. ఈ సీజన్ 182 పరుగులే, నిజమే, బౌలింగ్ కూడా పెద్దగా చెయ్యలేదు. అయినా మెల్‌బోర్న్‌లో టెస్ట్ సెంచరీ కొట్టినవాడు. ఆరు కోట్లకు అతన్ని వదలమనేవాళ్లు వేలంలో ఫాస్ట్ బౌలింగ్ ఆల్‌రౌండర్లు ఎంతకు పోతారో ఒకసారి చూడండి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి మన టీమ్‌లో మిగిలింది అతనొక్కడే. తిలక్ ముంబైలో, సిరాజ్ గుజరాత్‌లో ఉన్నారు.

డాలస్_ఆరెంజ్

నేను డాలస్‌లో ఉంటాను, మ్యాచులు ఇక్కడ ఉదయం తొమ్మిదింటికి మొదలవుతాయి, ఆఫీసు మీటింగులు అన్నీ అటూ ఇటూ జరుపుకుని చూస్తాను. క్లాసెన్‌ను వదిలి ఆ డబ్బుతో బౌలర్లను కొందాం అనేవాళ్లకు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి.

ఫిబ్రవరిలో ఇక్కడి ఎన్‌బీఏ టీమ్ మావెరిక్స్ లూకా డాంచిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చేసింది. అప్పటికి ఎనిమిది నెలల ముందే టీమ్‌ను ఫైనల్‌కు తీసుకెళ్లినవాడు. జనరల్ మేనేజర్ చెప్పిన కారణం డిఫెన్స్ కావాలని. బదులుగా వచ్చిన ఆంథనీ డేవిస్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. మా ఆఫీసులో తెలుగువాళ్లే కాదు, అందరూ నెలల తరబడి అదే మాట. జనం అరీనాలో ఆ మేనేజర్‌ను తీసెయ్యమని అరిచేవారు, నవంబరులో తీసేశారు కూడా. స్టార్‌ను వదిలితే డబ్బు మిగలొచ్చు, సీటు మిగలొచ్చు. అలాంటి ఆటగాడు మాత్రం మళ్లీ దొరకడు.

మనకే ఉదాహరణ ఉంది కదా. 2022కు ముందు విలియమ్సన్‌ను 14 కోట్లకు ఉంచుకుని రషీద్ ఖాన్‌ను పోగొట్టుకున్నాం. గుజరాత్ 15 కోట్లకు తీసుకుంది, ఆ ఏడాదే కప్పు కొట్టింది. మనం ఎనిమిదో స్థానం. స్పిన్ దగ్గర ఆ ఖాళీ ఇప్పటికీ నిండలేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు

డాలస్ అన్నా, రషీద్ పేరు ఎత్తి నా నోరు మూయించారు. సరే, క్లాసెన్ ఉండనీ. మరి స్పిన్నర్ ఎవరు? జీషాన్, హర్ష్ దూబే ఇద్దరూ కుర్రాళ్లు. ఉప్పల్ లాంటి ఫ్లాట్ పిచ్ మీద మధ్య ఓవర్లు ఇద్దరు కుర్రాళ్ల చేతిలో పెట్టేసి ఎలా?

ఉప్పల్_ఆరెంజ్

బిష్ణోయ్. పోయినసారి లక్నో 11 కోట్లకు ఉంచుకుంది, ఇప్పుడు వదిలేసింది. భారత ఆటగాడు కాబట్టి విదేశీ కోటా తినడు. నేనైతే ఎనిమిది కోట్ల దాకా వెళ్తాను, ఆపైన ఆగిపోతాను.

ఇంకో భయం కమిన్స్ నడుము గాయం. పెర్త్ టెస్టు ఆడలేకపోయాడు. ఐపీఎల్ మొదటి మ్యాచులకు రాకపోతే కెప్టెన్ ఎవరు, కొత్త బంతి ఎవరిది? హర్షల్, ఉనద్కత్ ఇద్దరూ వేగం తగ్గించి వేసేవాళ్లే. కార్స్ పోయినసారి గాయంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అందుకే విదేశీ ఖాళీ రెండింటిలో ఒకటి కచ్చితంగా ఫాస్ట్ బౌలర్‌కే పోవాలి. పతిరానా పేరు వినిపిస్తోంది, కానీ కోల్‌కతా 64.3 కోట్లతో, చెన్నై 43.4తో వస్తున్నాయి. పేరున్నవాడి కోసం వాళ్లతో పోటీ పడితే మన పర్సు అరగంటలో ఖాళీ.

లెక్కల_మాస్టారు

బిష్ణోయ్‌కు ఎనిమిది పెడితే 17.5 మిగులుతుంది. తొమ్మిది ఖాళీలు. ఏడుగురు దేశవాళీ కుర్రాళ్లను 30 లక్షల కనీస ధరకే తెచ్చుకుంటే రెండు కోట్ల పైచిలుకు. ఇంకా పదిహేను దాకా ఉంటుంది, ఇద్దరు విదేశీయులకు. సరిపోతుంది. కాకపోతే ఆ పదిహేనూ ఒక్కరికే పెట్టొద్దని నా విన్నపం.

నల్లగొండ_నైట్స్

మాస్టారూ, అందులో సగమైనా మిడిలార్డర్‌కు పెట్టాలి. నేను పై నలుగురి గురించి మాట్లాడటం లేదు. హెడ్, అభిషేక్, ఇషాన్ త్వరగా అవుటైన రోజు క్లాసెన్ తర్వాత వచ్చేవాళ్లు నితీశ్, అనికేత్, కమిండు. పోయినసారి ఈడెన్‌లో మునిగింది అక్కడే. బౌలింగ్ బౌలింగ్ అంటూ ఆరో నంబర్ మర్చిపోతే మళ్లీ 120కే ఆలౌట్ అవుతాం.

విశాఖ_బీచ్‌రోడ్

ఆరో నంబర్ అనికేత్‌కు ఇవ్వండి, డబ్బు బౌలర్లకు పెట్టండి. 74 కొట్టినరోజు నేను అక్కడే ఉన్నాను.