సద్దుల బతుకమ్మ: పూలు, సద్దులు, హాల్ పనులు

కల్చరల్ కమిటీ:
అందరికీ నమస్తే. సద్దుల బతుకమ్మ వారం మధ్యలో పడింది కాబట్టి ఆ శనివారం ఆడుకుందాం. హాల్ 2 గంటలకు తెరుస్తారు, ఆట 5 గంటలకు. మధ్యలో ఉన్న టైమంతా పేర్చడానికే.

ఇంట్లో పేర్చి కార్లో తేకండి. తాంబాళం, పూలు తెచ్చుకొని ఇక్కడే కూర్చుందాం. న్యూజెర్సీలో పుట్టిన మన పిల్లలు బతుకమ్మ చుట్టూ ఆడారు గానీ, పేర్చడం చూడలేదు. గునుగు కాడలు సమానంగా కత్తిరించి, కట్టలు కట్టి, కొసలు రంగునీళ్లలో ముంచడం వాళ్లతోనే చేయిద్దాం. వరుస మీద వరుస పెడుతూ మధ్యలో ఆకులు, తుంచిన కాడలు గట్టిగా కూరాలి, లేకపోతే ఎత్తేటప్పుడు జారిపోతుంది. పైన పసుపు గౌరమ్మ.

తంగేడు ఇక్కడ దొరకదు, పసుపు చామంతి పెడదాం. గునుగుకు గార్డెన్ సెంటర్లలో కుండీల్లో అమ్మే సెలోషియా తీసుకోండి, అదీ గునుగు జాతే. పెరట్లో బంతి ఉన్నవాళ్లు ఆ వారం పూలు తెంపకుండా ఉంచండి.

వంటల కమిటీ:
అక్కా, నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర మేం చూసుకుంటాం. మలీద ఎవరైనా చేస్తారా? పల్లీల సద్ది మాత్రం వేరే టేబుల్ మీద, పేరు రాసి, దాని గరిటె దానికే పెట్టాలి. పల్లీ అలర్జీ ఉన్న పిల్లలు వస్తున్నారు.

హాల్ వలంటీర్:
లోపల దీపాలు, అగరుబత్తీలు వెలిగించనివ్వరు. బ్యాటరీ దీపాలు తెస్తాను. పార్కు చెరువులో పూలు వేయొద్దన్నారు, ఏం చేద్దాం వదినా?

కల్చరల్ కమిటీ:
పిల్లలు ఆడుకునే గాలి తొట్టి పెద్దది ఒకటి తెచ్చి, పార్కింగ్ పక్కన గడ్డిలో పెట్టి నీళ్లు నింపుదాం తమ్ముడూ. గౌరమ్మను ముందే తీసుకొని, ఆ పసుపు ఆడవాళ్లందరికీ ఇద్దాం. మర్నాడు పూలు కంపోస్టుకు.

ఇంకో మాట. స్పీకర్ పాటలు చివరి అరగంటే. కరీంనగర్, వరంగల్ నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మలు, అత్తమ్మలు మన మధ్య చాలామందే ఉన్నారు. పాట వాళ్లు ఎత్తుకుంటే, చప్పట్లు కొడుతూ మనం ‘ఉయ్యాలో’ అని అందుకుందాం. వాళ్లను తీసుకురావడానికి కార్లో చోటున్నవాళ్లు ఇక్కడ రాయండి. కాలర్ మైకు ఎవరి దగ్గరైనా ఉందా?