ఎడారిలో వేసిన బొమ్మను ఇంటికొచ్చి దిద్దితే తప్పా?

కృష్ణలంక కుంచె:
డిసెంబరులో మన విజయవాడ బృందం జైసల్మేరు వెళ్తోంది. పోస్టుకార్డంత బోర్డుల మీద, ఆయిల్ రంగులతో, అక్కడి సమ్ అనే ఊరి ఇసుక తిన్నెల దగ్గరే కూర్చుని బొమ్మలు వేయాలి. వచ్చాక ప్రదర్శన. ఇంట్లో ఒక్క గీత దిద్దినా ఆ బొమ్మను ప్రదర్శనలో పెట్టనివ్వరట. నాకిది ఉత్త చాదస్తంగా కనిపిస్తోంది. మీరేమంటారు?

బ్రాడీపేట రంగులపెట్టె:
చాదస్తం కాదండీ, అవసరం. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తిన్నె నీడవైపు చూడండి. అక్కడ ఇసుక పసుపుగా ఉండదు. ఆకాశపు నీలం దిగి లేత ఊదాగా కనిపిస్తుంది. గంట తిరగకముందే ఆ నీడ అంచు కిందికి జారిపోతుంది. బోర్డు చిన్నది తీసుకునేది అందుకే, నీడ కదిలేలోగా నిండాలని. అదే బొమ్మను గుంటూరులో ట్యూబులైటు కింద పెట్టుకుంటే, ఎడారి అంటే పసుపే కదా అని బుర్ర చెబుతుంది, చేయి ఓకర్ (మట్టి పసుపు రంగు) కలుపుతుంది, నీడ కాస్తా చస్తుంది. ఫొటో చూసి దిద్దుతామంటారేమో. ఫోను ఎండకు సర్దుకుంటే నీడ నల్లబడుతుంది, నీడకు సర్దుకుంటే ఆకాశం పాలిపోతుంది.

పైగా ఆయిల్ రంగు ఆరడమంటే తడి ఆవిరవడం కాదు, నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడటం. గట్టిపడ్డాక పెట్టిన రంగు పాతదానిలో కలవదు, అతుకులా పైన కూర్చుంటుంది.

మొగల్రాజపురం బాబాయి:
ఆరుబయట బొమ్మలనగానే అందరూ ఫ్రెంచి చిత్రకారుడు మోనే పేరెత్తుతారు. ఆయన ఫ్రాన్సులోని రువాన్ ఊరి కెథడ్రల్ (పెద్ద చర్చి) బొమ్మలను 1892, 1893లలో ఆ ఊళ్లో వేసి, జివెర్నీలోని తన స్టూడియోలో తీరిగ్గా దిద్ది, 1895లో ప్యారిస్‌లో ప్రదర్శించాడు. ఆయనకు లేని మడి మనకెందుకమ్మా?

అరండల్‌పేట అవిసెనూనె:
మడి సంగతి తర్వాత, ముందు సామాను సంగతి చూడండి. టర్పెంటైన్ రైల్లోకీ విమానంలోకీ తీసుకెళ్లకూడదు. కుంచెలను అవిసె నూనెతో తుడుచుకోవచ్చు. కానీ ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి సంచిలో కుక్కవద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పచ్చి బోర్డులు రెండింటిని ఎదురెదురుగా పెట్టి, మూలల్లో అగ్గిపుల్ల ముక్కలు ఉంచి కట్టేస్తే చెదరవు.

ఇంతకీ నా అనుమానం ఒకటి. గాలికి ఇసుక లేచి పచ్చి రంగుకు అంటుకోక మానదు. డచ్చి చిత్రకారుడు వాన్ గో 1882లో నెదర్లాండ్స్‌లోని స్హెవెనింగెన్ తీరంలో వేసిన సముద్రం బొమ్మలో ఆ ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి. మనం ఆరాక సూదితో తీసేస్తే అది దిద్దినట్టా, శుభ్రం చేసినట్టా?

బ్రాడీపేట రంగులపెట్టె:
బాబాయి గారూ, మోనే రువాన్‌లో ఎదురు భవనాల్లో గదులు తీసుకుని కిటికీలోంచి వేశాడు. ఒక్కో వెలుగుకు ఒక్కో కాన్వాసు పెట్టుకుని, ఆ వెలుగు మళ్లీ వచ్చినప్పుడల్లా అందుకున్నాడు. మనవాళ్లు ఒక పూట కూర్చుని లేచి వచ్చేస్తారు. ఆ పోలిక ఇక్కడ చెల్లదు. ఇసుక రేణువు తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. అది ఊడిన గుంటను రంగుతో పూడిస్తే మాత్రం ఒప్పుకోను.

కృష్ణలంక కుంచె:
ఆవగింజంత గుంట పూడ్చారని ఎవరు పట్టుకుంటారండీ?

బ్రాడీపేట రంగులపెట్టె:
నేనే. ప్రదర్శనకు భూతద్దం తెచ్చుకుంటాను.