సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్‌తో నడిచే, లోహాన్ని చెక్కే మెషిన్) ఇప్పుడే కొనాలా? తెలిసినోళ్లు చెప్పండి

అన్నలూ, అక్కలూ, వరంగల్ దగ్గర మడికొండ ఇండస్ట్రియల్ ఏరియాలో మాకు చిన్న మెషిన్ షాప్ ఉంది. రైస్ మిల్లులకు షాఫ్టులు, బుష్‌లు చేస్తాం. సీజన్ పోతే పని తక్కువ. పాత లేత్ మీద ఒక బుష్ బోర్ (లోపలి రంధ్రం) సరిగ్గా వస్తే, తర్వాతిది మైక్రోమీటర్‌లో తేడా చూపిస్తది. పెద్ద కంపెనీలు ఒప్పుకోవు.

2023 జులైలో కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన అయినప్పటి నుంచి, అక్కడి ఆర్డర్లు దొరుకుతాయేమోనని సీఎన్‌సీ మీద ఆశ. సీజీటీఎంఎస్ఈ (చిన్న యూనిట్ల లోన్లకు బ్యాంకుకు హామీ ఇచ్చే ట్రస్ట్) గ్యారంటీ ఉంటే తాకట్టు లేకుండా లోన్ వస్తది, సరే. కిస్తీ మాత్రం నెలనెలా కట్టాలి కదా! మెషిన్ ముందు కొనాలా, వెండర్ రిజిస్ట్రేషన్ (సప్లయర్‌గా పేరు నమోదు) ముందు చేయించుకోవాలా?

ఇంకోటి. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం 45 రోజుల్లోపు రావాల్సిన బిల్లు ఒక పార్టీ దగ్గర నెలలుగా ఆగింది. ఆగిన బిల్లుల ఫిర్యాదుల కోసం కేంద్రం పెట్టిన సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టినోళ్లకు ఆ తర్వాత ఆర్డర్లు ఆగిపోయాయా? ఐటీఐ పిల్లలు హైదరాబాద్ పోతామంటున్నారు, వాళ్లను నిలబెట్టుకోవాలని ఉంది.