బ్రగ్మాన్సియా కొమ్మలు నీళ్ళలో కుళ్ళిపోతున్నాయి, ఏం చేయాలి?

మిద్దెతోట_ఉప్పల్:

అందరికీ నమస్కారం. ఉప్పల్‌లో మిద్దె మీద పెంచడానికి బ్రగ్మాన్సియా కొమ్మలు ఆరు తెచ్చాను. లేత పసుపు పూల రకం, ఏంజెల్స్ ట్రంపెట్ అంటారు కదా, అదే. వేళ్ళు రావడానికి రోహిణి కార్తెలో గాజు సీసాలో సగానికి పైగా నీళ్ళు పోసి కిటికీ దగ్గర పెట్టాను. ఒక్కొక్క కొమ్మ అడుగు పొడవు, ఆకులు ఉంచేశాను. నాలుగో రోజుకి ఆకులన్నీ వాలిపోయాయి. పదో రోజుకి నాలుగు కొమ్మల అడుగు గోధుమ రంగుకి తిరిగి మెత్తబడి వాసన వచ్చింది. మిగిలిన రెండింటి మీద నీళ్ళలో మునిగిన చోట తెల్లటి పొక్కుల్లాంటివి లేచాయి, ఫంగస్ అనుకుంటున్నాను. వాటిని పారేయాలా? వచ్చే నెల ఇంకో నాలుగు కొమ్మలు దొరుకుతాయి. ఈసారి పోకుండా ఎలా పెట్టాలో వివరంగా చెప్పగలరు.

ఎర్రమట్టి (బెంగళూరు):

ఆ రెండూ పారేయకండి! అది ఫంగస్ కాదు. బ్రగ్మాన్సియా బెరడు మీద గోధుమ, తెలుపు రంగుల్లో చిన్న చిన్న చుక్కలు ఉంటాయి, కొమ్మ గాలి పీల్చుకునే రంధ్రాలవి. తడి తగలగానే అవి ఉబ్బి తెల్లగా, కాలీఫ్లవర్ పువ్వు పలుకుల్లా పగులుతాయి. చాలా వేళ్ళు ఆ చుట్టుపక్కల నుంచే వస్తాయి. వేలితో రుద్ది చూడండి. గట్టిగా, గరుగ్గా ఉండి ఊడిరాకపోతే మంచి గుర్తు. దూదిలా ఉండి తుడిస్తే పోయేది ఫంగస్.

మిగిలిన నాలుగూ ఎందుకు పోయాయంటే, మూడు తప్పులు ఒకేసారి పడ్డాయి.

మొదటిది వేడి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి అది 7.5కి పడిపోతుంది. కొమ్మకి అవసరం పెరిగే వేళకే గాలి తగ్గుతుంది, కుళ్ళబెట్టే బాక్టీరియాకి మాత్రం ఆ వేడి పండగ. రోహిణిలో కిటికీ దగ్గరి గాజు సీసా మధ్యాహ్నానికి ఎంత కాగుతుందో ముట్టుకుంటేనే తెలుస్తుంది. వేళ్ళు బాగా వచ్చేది 20 నుంచి 25 డిగ్రీల మధ్య. హైదరాబాదులో మృగశిర వెళ్ళి నాలుగు వానలు పడ్డాక పెట్టండి, లేదా అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్య.

రెండోది ఆకులు. ఈ చెట్టు ఆకు జానెడు దాటుతుంది, వేళ్ళు లేని కొమ్మ దానికి నీళ్ళు అందించలేదు. ముక్క పై చివర చిన్న ఆకులు రెండు ఉంచి మిగతావి కాడతో సహా తీసేయాలి. ఆ రెంటిలో ఏదైనా పెద్దదైతే సగానికి కత్తిరించండి. అసలు ఆకే లేకుండా వట్టి పుల్ల పెట్టినా వేళ్ళు వస్తాయి.

మూడోది నీళ్ళ లోతు. 5 సెంటీమీటర్లు చాలు. సగం సీసా నింపితే మునిగిన భాగమంతా ఊపిరాడక మెత్తబడుతుంది.

కొమ్మ ఎంపిక: పెన్సిల్ కంటే లావు, బొటనవేలి కంటే సన్నం. పచ్చగా వంగే లేత కొన వద్దు, అది ముందు కుళ్ళుతుంది. కింద బెరడు బూడిద రంగుకి తిరగడం మొదలైన ముక్క తీసుకోండి, 15 నుంచి 20 సెంటీమీటర్లు. అడుగు కోత కణుపుకి అర సెంటీమీటరు కింద ఏటవాలుగా, పై కోత అడ్డంగా వేస్తే ఏది తల, ఏది తోక అన్నది పొరపాటు పడరు. తలకిందులైన ముక్క వేళ్ళు వేయడానికి చాలా తంటాలు పడుతుంది. కోసిన ముక్కని గంటసేపు నీడలో ఆరనిచ్చి నీళ్ళలో పెట్టండి.

గాజు సీసా అయితే చుట్టూ పాత పేపరు చుట్టండి. వెలుతురు తగిలితే నాచు పడుతుంది. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే రాత్రంతా బకెట్‌లో వదిలేసి వాడండి. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు పూర్తిగా మార్చాలి, ఎండిన మేర పైన పోస్తే లాభం లేదు. మార్చేటప్పుడు జిగురుగా ఉన్న కొమ్మ అడుగుని వేళ్ళతో కడిగి, సీసా లోపల కూడా తోమండి. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ 3 శాతందైతే లీటరుకి 10 మిల్లీలీటర్లు, 6 శాతందైతే 5. మార్చిన ప్రతిసారీ కొత్తగా కలపాలి. దాని పని కొన్ని గంటలే, నీళ్ళు మార్చకుండా ఉండటానికి అది సాకు కాదు.

అడుగు మెత్తబడటం మొదలైతే వెంటనే పైకి కోస్తూ రండి. లోపల గోధుమ మచ్చ లేకుండా తెల్లగా, అంచు పచ్చగా కనిపించేదాకా కోసి, ఆరబెట్టి, కొత్త నీళ్ళలో కొత్త సీసాలో పెట్టండి. ఒక్కో సీసాకి ఒక్క కొమ్మే. ఒకటి కుళ్ళితే పక్కది కూడా పోతుంది.

మంచి వాతావరణంలో రెండు వారాల నుంచి నాలుగు వారాలకి వేళ్ళు కనిపిస్తాయి.

సాగరతీరం (విశాఖపట్నం):

ఎర్రమట్టి గారు చెప్పిందంతా సరైనదే. వేడి విషయంలో ఒక చిట్కా కలుపుతాను. మట్టి మూకుడులో తడి ఇసుక పోసి సీసాని అందులో సగం వరకు పాతితే, కూజాలో నీళ్ళలాగే చల్లబడుతుంది. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం లాంటి పొడి వేడికి ఇది బాగా పనిచేస్తుంది. మా విశాఖలో గాలిలో తేమ ఎక్కువ, నీరు అంత త్వరగా ఆవిరి కాదు, అందుకే ఫలితం అంతంత మాత్రం. ఇక్కడ మేం నీళ్ళ పద్ధతి మానేసి కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్ళు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) ఒక పాలు కలిపిన కప్పులోనే గుచ్చుతాం. గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతకంటే తడి వద్దు. వేళ్ళు రప్పించే ఐబీఏ హార్మోన్ పొడి ఈ పద్ధతికి ఉపయోగం. నీళ్ళలో పెట్టేటప్పుడు అది కొట్టుకుపోతుంది, అనవసరం.

నీళ్ళలో పెట్టేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. మూడు రోజులు దాటిన నిలవ నీటిలో దోమ లార్వాలు కనిపిస్తాయి. డెంగీ దోమకి సీసాడు నీళ్ళు చాలు. సీసా మూతికి గుడ్డ కట్టండి.

మిద్దెతోట_ఉప్పల్:

చాలా థాంక్స్ అండీ. రుద్ది చూశాను, గట్టిగానే ఉన్నాయి, ఊడలేదు. రెండు సందేహాలు. ఒకటి, కొమ్మని Y చీలిక పైన తీయాలా, కింద తీయాలా అని ఎక్కడో చదివాను, అర్థం కాలేదు. రెండు, వేళ్ళు వచ్చాక మట్టిలో పెడితే వాడిపోతుందని అంటున్నారు, నిజమేనా?

ఎర్రమట్టి (బెంగళూరు):

మంచి ప్రశ్న, ఈ చెట్టు గుట్టంతా ఆ వై ఆకారపు చీలికలోనే ఉంది.

మొక్క మొదట ఒకే కాండంగా మీటరు, మీటరున్నర పెరుగుతుంది, అప్పటిదాకా పువ్వు రాదు. తర్వాత కాండం రెండుగా చీలుతుంది. మొదటి మొగ్గ అక్కడే. ఆ పైన వచ్చే ప్రతి చీలిక దగ్గరా మొగ్గ వేస్తుంది. ఆకుని చూసి కూడా తేడా చెప్పవచ్చు. చీలిక కింది ఆకులకి రెండు పక్కలా ఆకు అంచు కాడని ఒకే చోట కలుస్తుంది. పైన ఆకుల్లో ఒక పక్క ఇంకాస్త కిందికి దిగి కలుస్తుంది, వంకరగా.

పైభాగం నుంచి తీసిన కొమ్మకి పూసే వయసు వచ్చేసినట్టే. మళ్ళీ అంత ఎత్తు పెరగకుండా కొన్ని నెలల్లో, పొట్టిగా ఉండగానే పూస్తుంది. కుండీకి అదే మేలు. కానీ వేళ్ళు వేయడంలో కొంచెం నిదానం. కింది భాగం కొమ్మ గబగబా వేళ్ళు వేస్తుంది, బలంగా ఎదుగుతుంది, పూతకి మాత్రం మళ్ళీ మొదటి నుంచీ ఎత్తు పెరగాలి. నేలలో చెట్టుగా పెంచాలంటే కింది కొమ్మ, మిద్దె మీదికి పై కొమ్మ. మీకొచ్చే నాలుగూ పైవే అడగండి. కత్తిరింపులప్పుడూ ఇదే లెక్క: చీలికకి కింద కోశారంటే ఆ ఏడాది పూత పోయినట్టే.

మట్టిలో వాడిపోవడం నిజమే, అక్కడ పోయేవే ఎక్కువ. నీళ్ళలో వచ్చిన వేళ్ళు తెల్లగా, పెళుసుగా ఉంటాయి. సన్నటి నూగు వేళ్ళు వాటికి దాదాపు ఉండవు, మట్టి నుంచి నీళ్ళు లాగడం చేతకాదు. అందుకే అవి జడలు కట్టేదాకా ఆగకూడదు. 2, 3 సెంటీమీటర్లు రాగానే మార్చేయాలి. 10 సెంటీమీటర్ల కప్పులో పైన సాగరతీరం గారు చెప్పిన మిశ్రమమే, ఎరువు ఏమీ వద్దు. కోకోపీట్‌ని మూడుసార్లు నీళ్ళు మార్చి కడగండి, అందులో ఉప్పు ఉంటుంది. కొమ్మని మధ్యలో నిలబెట్టి చుట్టూ మిశ్రమం పోసి నీళ్ళతో సర్దనివ్వండి. వేలితో నొక్కితే వేళ్ళు విరిగిపోతాయి. మొదటి వారం మిశ్రమం బాగా తడిగానే ఉంచి, రెండో వారం నుంచి కొద్దికొద్దిగా తగ్గించండి. నీడలో పెట్టి, నాలుగు చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ కవరు పైన బోర్లించండి. కొత్త ఆకు విచ్చుకుంటే గట్టెక్కినట్టే. అప్పుడు కవరు తీసి, 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే నీటిలో కరిగే ఎరువు) లీటరుకి అర గ్రాముతో మొదలుపెట్టండి.

తర్వాత 8 అంగుళాల కుండీ, అది వేళ్ళతో నిండాక 20, 25 లీటర్ల పెయింట్ బకెట్. అడుగున ఎనిమిది చిల్లులు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, కోకోపీట్ ఒక పాలు, మాగిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్ట్ గానీ ఒక పాలు, ముతక ఇసుక అర పాలు, రెండు గుప్పెళ్ళ వేప పిండి. చిన్న మొక్కని నేరుగా పెద్ద బకెట్‌లో వేస్తే వేళ్ళు అందని మట్టి తడిగా ఉండిపోయి పులిసిపోతుంది.

ఇది తిండిపోతు చెట్టు. ఎదిగే కాలంలో వారానికోసారి 19:19:19 లీటరుకి 2 గ్రాములు, మొగ్గ దశలో దాని బదులు 13:0:45 (పొటాషియం నైట్రేట్) అదే మోతాదులో. బోరు నీళ్ళు వాడితే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు పడుతుంది. కొత్త ఆకుల్లో అయితే ఇనుము లోపం, చీలేటెడ్ ఐరన్ (మొక్క సులభంగా తీసుకునే రూపంలోని ఇనుము) వేయండి. పాత ఆకుల్లో అయితే మెగ్నీషియం సల్ఫేట్, లీటరుకి 2 గ్రాములు ఆకుల మీద పిచికారీ.

హైదరాబాదు ఎండకి పొద్దున ఎండ, మధ్యాహ్నం నుంచి 50 శాతం షేడ్ నెట్. ఏప్రిల్, మే నెలల్లో మట్టి తడిగా ఉన్నా మూడు గంటలకి ఆకులు వేలాడతాయి, సాయంత్రానికి లేస్తాయి. వేలు గుచ్చి చూడకుండా మళ్ళీ నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెట్టకండి. రాత్రి కూడా వేడిగా ఉన్న రోజుల్లో మొగ్గలు రాలుతాయి. వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా విడతలు విడతలుగా పూస్తుంది. కొడైకెనాల్, ఊటీల్లో రోడ్డు పక్కన కనిపించేంత పూత ఇక్కడ రాదని ముందే తెలుసుకోండి. ఎర్ర పూల సాంగ్వినియా రకం ఎవరైనా అమ్మజూపితే తీసుకోవద్దు, అది ఆండీస్ ఎత్తుల చలి మొక్క, మన మైదానాల్లో నిలవదు. సువావియోలెన్స్, వెర్సికలర్ లాంటి వేడి తట్టుకునేవే మనకి.

మంచుదేశపు_పెరడు (న్యూజెర్సీ):

ఇక్కడున్న మన వాళ్ళకోసం ఒక మాట. అక్టోబరులో మొదటి మంచు పడకముందే బెరడు ముదిరిన కొమ్మలు చీలిక పైనుంచి కోసి, ఆకులన్నీ తీసి, బకెట్‌లో 5 సెంటీమీటర్ల నీళ్ళలో బేస్‌మెంట్‌లో పెట్టేయండి. 10 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. నీళ్ళు వారానికోసారి మార్చినా సరిపోతుంది, చలికి కుళ్ళు నిదానం. మార్చిలో వెచ్చటి గదికి తెస్తే వేళ్ళు వస్తాయి. మే మధ్యలో, మంచు భయం పూర్తిగా పోయాకే బయట పెట్టాలి.

వేపగింజ (గుంటూరు):

తెగుళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎండాకాలం ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు పడి, ఆకు అడుగున బూజు దారాలు కనిపిస్తే ఎర్రనల్లి. రోజు విడిచి రోజు ఆకుల అడుగున నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టండి, సాయంత్రం వేప నూనె 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు లీటరుకి కలిపి చల్లండి. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం 80 శాతంది లీటరుకి 2 గ్రాములు, కానీ ఎండ 32 డిగ్రీలు దాటిన రోజు వద్దు, వేప నూనె చల్లాక రెండు వారాల లోపు వద్దు. ఆకులు మాడిపోతాయి.

ఇది మిరప, టమాట, పొగాకు కుటుంబపు మొక్క. ఆకు మీద పసుపు, పచ్చ మచ్చలు కలగలిసి, ముడతలు పడితే వైరస్ అనుకోండి, మందు లేదు. అలాంటి చెట్టు నుంచి కొమ్మ తెస్తే ఆ వైరస్ కూడా వెంట వస్తుంది. బీడీ, సిగరెట్, పొగాకు ముట్టిన చేతులు సబ్బుతో కడిగాకే మొక్కని ముట్టాలి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్ళేముందు కత్తిని స్పిరిట్‌తో తుడిచి ఊరుకోకండి, ఈ జాతి వైరస్‌కి అది చాలదు. మంటలో ఎర్రగా కాల్చండి, లేదా కొత్త బ్లేడు వాడండి.

అన్నిటికంటే ముఖ్యం: ఆకు, పువ్వు, గింజ, వేరు, కొమ్మలోని రసం, అన్నీ విషమే. స్కోపలమైన్, హయోసయమైన్, అట్రోపిన్ అనే విష పదార్థాలు ఉంటాయి. కొమ్మ కోసిన చేత్తో కన్ను నలిపితే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది, ఒక్కోసారి రోజులు పడుతుంది తగ్గడానికి. గ్లౌజులు వేసుకోండి. నీళ్ళలో పెట్టే సీసా వంటింటి గ్లాసో, మంచినీళ్ళ బాటిలో కాకూడదు, దాని మీద ‘విషం’ అని రాసి పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి. మార్చిన నీళ్ళు ఆకుకూరల మడిలో పారబోయకండి. మేకలు, ఆవులు వచ్చే చోట కత్తిరించిన ఆకులు పడేయవద్దు, కాల్చనూ వద్దు. ఎవరైనా తిన్నట్టు అనుమానం వస్తే నోరు ఎండడం, ముఖం ఎర్రబడడం, పిచ్చి మాటల దాకా ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి, మొక్క ముక్కని వెంట తీసుకెళ్ళండి.

వినాయక చవితి పత్రిలో వాడే ఉమ్మెత్త ఇది కాదు. అది పొట్టిగా పెరిగే దతూర, పువ్వు పైకి చూస్తుంది, కాయకి ముళ్ళుంటాయి. దీని పువ్వు కిందికి వేలాడుతుంది, కాయ నున్నగా ఉంటుంది. రెండూ విషమే కాబట్టి పత్రి కోసిన చేతులు కడుక్కోకుండా ప్రసాదం ముట్టవద్దు.

మిద్దెతోట_ఉప్పల్:

అర్థమైంది. ఆ రెండు కొమ్మలకి ఆకులు కోసి, నీళ్ళు 5 సెంటీమీటర్లకి తగ్గించి, పేపరు చుట్టి ఇసుక మూకుడులో పెట్టాను. సీసా మీద పేరు రాశాను. ఒక కొమ్మకి వేరు లాంటి కొస ఒకటి పొడుచుకొచ్చింది, అర సెంటీమీటరు ఉంటుంది. ఇప్పుడే మార్చనా?

ఎర్రమట్టి (బెంగళూరు):

ఇంకా వారం ఆగండి. కనీసం మూడు నాలుగు వేళ్ళు 2 సెంటీమీటర్లు దాటాలి. ఈలోగా కోకోపీట్ కడిగి సిద్ధంగా పెట్టుకోండి.